చక్రం కింద పన్ను

పన్నెండేళ్ళుగా ఒక రాయిని మోస్తున్నాను. ఆ రాయి నా దగ్గర లేదు, హైదరాబాద్‌లో ఒక గాజుపెట్టెలో ఉంది. బరువు మాత్రం నాతోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనివ్వను, అందుకే ఈ మాత్రమైనా నోరు పెగులుతోంది. తెలిసినవాళ్ళకు చెప్పేంత ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని.

నేను జగ్గయ్యపేటలో సైన్సు టీచర్ని. ఉండేది నందిగామలో. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. ఆ ఏడు నందిగామలో ఇల్లు కట్టుకుంటున్నాం. మునేరు నుంచి ఇసుక తోలడానికి మస్తాన్ అనే ఆయన ట్రాక్టర్ మాట్లాడుకున్నాం. నాకన్నా పదేళ్ళు పెద్ద. మా వీధి బాగా వాలు. ట్రాక్టర్ ఆపగానే ఆయన కిందికి దూకి వెనక చక్రం కింద ఒక రాయి తోసేవాడు. డ్రైవర్లందరూ పెట్టేదే కదా, నేనూ పట్టించుకోలేదు. ఒకరోజు గోడలకు నీళ్ళు కొడుతుంటే పైపు జారి ఆ నీళ్ళు రాయి మీద పడ్డాయి. బురద కరిగింది. కింద వరసగా గాట్లు. అట్లు దొంతర పెట్టి నిలువునా నిలబెడితే అంచులు ఎలా కనిపిస్తాయో అలా.

కాలేజీ రోజుల్లో మ్యూజియంలో చూశాను ఇలాంటిది. అది రాయి కాదు. రాయిగా మారిన ఏనుగు దవడ పన్ను.

మస్తాన్‌కి చెబితే పకపకా నవ్వాడు. "ఊరుకోండి టీచరమ్మా, నాతో పరాచికాలా! గరుగ్గా ఉంది, చక్రం జారదని ఐదేళ్ళ నించీ వాడుతున్నా." ఆ తర్వాత నవ్వు ఆపి రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే మిగతా ఏనుగు కూడా ఆడనే ఉండాలి గదా? గట్టు కింద ఎండాకాలం దూలంలాంటిది ఒకటి బయట పడుద్ది. నేను చెట్టు మొద్దనుకున్నా."

చూశారా. బీఎస్సీ, బీఈడీ చదివిన నేను పన్ను దగ్గరే ఆగిపోయాను. ఆయన ఒక్క నిమిషంలో ఏనుగు దాకా వెళ్ళాడు.

పన్ను నాకిచ్చేయమని అడిగాను. వెంటనే ఇచ్చాడు. బదులుగా మా గుమ్మాలకు తెచ్చిన టేకులో మిగిలిన ముక్క ఒకటి వాలుగా కోయించి ఇచ్చాను, చక్రం కిందికి. మురిసిపోయాడు. ఒకటే అడిగాడు. పేపర్లో వేస్తే తన పేరు కూడా పడాలన్నాడు. "చక్రం కింద పెట్టినోడని రాసినా పర్లేదు" అని మళ్ళీ నవ్వాడు. తప్పకుండా అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను. కనీసం అలాగే గుర్తుపెట్టుకోవాలని ఉంది.

పేపరువాళ్ళు వచ్చారు. నా ఫొటో వేశారు. జగ్గయ్యపేట టీచరమ్మకు డైనోసార్ పన్ను దొరికిందని రాశారు. అది డైనోసార్‌ది కాదని, డైనోసార్లకూ ఏనుగులకూ మధ్య కోట్ల ఏళ్ళు ఉన్నాయని నేను రోజూ క్లాసులో మొత్తుకునే మనిషినే. అయినా దిద్దమని ఫోన్ చేయలేదు. ఫొటో బాగా పడింది, అందుకు. ఏం దాచను మీ దగ్గర?

ఆ వార్త చూసి హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. శిలాజాల శాస్త్రవేత్త. పన్ను చేతిలోకి తీసుకుని, ఇది ఇప్పటి ఏనుగుది కాదమ్మా, వేల ఏళ్ళ కిందటే భూమ్మీద లేకుండా పోయిన జాతి అన్నారు. తిప్పి తిప్పి చూసి రెండు ప్రశ్నలు అడిగారు. ఎవరు తీశారు? ఎక్కడ దొరికింది?

"నేనేనండీ" అన్నాను. "మా ఊరి చేలో."

ఎందుకన్నాను? పన్నెండేళ్ళుగా ఇదే తవ్వుకుంటున్నాను. మా పుట్టిల్లు కృష్ణ ఒడ్డున, గుట్టల వైపు. తొలకరి పడిందంటే ఊరు ఊరంతా చేలల్లోనే ఉంటుంది, వజ్రాల కోసం. వాన వెలిశాక ఎండ పొడ తగిలితే రాయి మెరుస్తుందని నడుములు వంచి వెతుక్కుంటూ పోతారు. మా అమ్మ నన్ను మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు చెవిలో చెప్పింది: దొరికిన చోటు ఎవరికీ చెప్పకు, అడిగితే అవతలి చేను చూపించు. అక్కడ అది అబద్ధం కింద లెక్క కాదు. అందరూ చేసేదే. పెద్దాయన అడగ్గానే నా నోరు దానంతట అదే అవతలి చేను చూపించింది.

ఇదొక సాకు. ఇంకో సాకు కూడా ఉంది. మస్తాన్ తోలే ఇసుకకు పర్మిట్ లేదు, పేరు చెబితే ఆయన ఇరుక్కుంటాడని. వినడానికి ఎంత బాగుందో! కానీ ఇది నాకు అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టింది, సమాధానం అవసరమైనప్పుడు. ఇంతకీ మొదటి ప్రశ్న "ఎవరు తీశారు" కదా. దానికి వజ్రాలకూ సంబంధం ఏముంది? మా అమ్మ చోటు దాచమంది గానీ ఇంకొకరి చేతిలోది నాదని చెప్పమనలేదు. నేనేనండీ అన్నప్పుడు నోరు తియ్యగా అయింది. నిజం అంతే.

ఆయన్ని మా ఊరు తీసుకెళ్ళి ఎర్రమట్టి చేను చూపించాను. ఆయన పన్ను వేరు సందులో అంటుకున్న మట్టిని పుల్లతో గీరారు. బూడిదరంగు ఇసుక, అందులో బియ్యపు గింజంత నత్తగుల్లలు. ఆ ఇసుకని చూశారు, కాళ్ళ కింద ఎర్రమట్టిని చూశారు, నన్ను చూశారు. ఈ మట్టి ఆ మట్టి కాదేమోనమ్మా అన్నారు, చాలా మెల్లగా. అప్పుడైనా చెప్పొచ్చు కదా? మునేరు అక్కడికి ఎంత దూరమని! వానలకు కొట్టుకొచ్చి ఉంటుందండీ అన్నాను. అరవై దాటిన మనిషి మూడు రోజులు ఎండలో ఆ చేను తవ్వించారు. ఏమీ దొరకలేదు. మజ్జిగ ఇచ్చినప్పుడల్లా థాంక్సమ్మా అనేవారు. వెళ్తూ పన్నుని మ్యూజియంలో పెట్టడానికి హైదరాబాద్ తీసుకెళ్ళారు.

ఆ జనవరిలో, పన్ను కనిపెట్టినందుకు, నాకు శాలువా కప్పారు.

ఆ శాలువా వార్త పడిన పేపర్ తీసుకుని మస్తాన్ ఇంటికి వచ్చాడు. "నా పేరు పడలేదేంటి టీచరమ్మా?" అన్నాడు, కోపంగా కాదు. పర్మిట్ సంగతి చెప్పాను. పెద్ద ఆఫీసర్లు మునేరులో తవ్వడానికి వస్తారని, అప్పుడు మీ పేరు ముందుంటుందని చెప్పాను. అంతటితో ఆగానా? అప్పటిదాకా ఆ చోటు ఎవరికీ చూపించొద్దన్నాను. ఎవరైనా చూస్తే నా అబద్ధం బయటపడుతుందని నా భయం. ఆయనేమో జాగ్రత్త కోసం అనుకున్నాడు. సరేనమ్మా అని తలూపి వెళ్ళాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన నాలాంటి మనిషి కాదు కదా.

ఏటా ఎండాకాలం ఒకసారి రైతుబజారులోనో బస్టాండులోనో కనిపించేవాడు. ఎప్పుడొస్తారు మీవాళ్ళు అని అడిగేవాడు. వస్తారు మస్తాన్ గారూ, గవర్నమెంటు పని కదా, ఆలస్యం అవుతుంది అనేదాన్ని. కొన్నాళ్ళకు ఆయన కనిపిస్తే నేనే సందు మారడం నేర్చుకున్నాను.

ఆ మధ్య మునేరుకు వరద వచ్చింది కదా. తగ్గిన పది రోజులకు గేటు చప్పుడైంది. మస్తాన్. జుట్టంతా తెల్లబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"పోయింది టీచరమ్మా" అన్నాడు.

"ఏం పోయింది మస్తాన్ గారూ?"

"ఏనుగు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నిజం, అర్థం కాలేదు.

"గట్టు మొత్తం కోసుకుపోయిందమ్మా. దూలం లేదు, ఏం లేదు. పొద్దుటి నించీ వెతికా. ఇన్నేళ్ళు ముళ్ళకంప కప్పి కాసా. మా ఇసుకోళ్ళు పొక్లెయిన్ పెడతామంటే కొట్లాడి ఆపా. ఆ పక్క నేనూ ఒక్క ట్రిప్పు తియ్యలా. మీరు చెప్పారు గదా ఎవురికీ చూపించొద్దని, మా ఇంటిదానిక్కూడా చెప్పలా. వరదని ఆపలేకపోయా." లుంగీ అంచుతో మొహం తుడుచుకున్నాడు. "రేపు మీవాళ్ళొస్తే మీ మాట పోద్ది. నావల్ల. నన్ను మన్నించండి టీచరమ్మా."

ఇప్పుడు నేను చెప్పబోయేదే అసలు తప్పు. పన్ను నాదని చెప్పుకోవడం కాదు, పక్క చేను చూపించడమూ కాదు. అవన్నీ దీని ముందు చిన్నవి.

నేను ఆయన్ని మన్నించాను.

"పర్లేదులెండి మస్తాన్ గారూ, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నాను. గొంతు కూడా వణకలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగి, గ్లాసు గోడమీద పెట్టి, "పెద్ద మనసమ్మా మీది" అని వెళ్ళిపోయాడు. ఆ గ్లాసు చాలాసేపు అక్కడే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేకపోయాను.

ఏనుగు అన్ని వేల ఏళ్ళు మునేరు గట్టులో ఉంది. దానికి నేను తప్ప ఇంకెవరూ అడ్డం కాలేదు. ఆ పెద్దాయన్ని ఒక్క గంట ఆ గట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే, దూలమో దంతమో, దవడో, కాలో, ఏదో ఒకటి బయటికి వచ్చేది. పిల్లలు చూసేవాళ్ళు. పక్కన మస్తాన్ నిలబడి చక్రం కథ చెప్పి నవ్వించేవాడు. ఆ నవ్వు కూడా నేనే పోగొట్టాను.

పోయిన నెల హైదరాబాద్ వెళ్ళి గాజుపెట్టె చూశాను. కింద చిన్న అట్టముక్క. తీసినవారు అన్నచోట నా పేరు. దొరికిన చోటు అన్నచోట "నిర్ధారణ కాలేదు" అని ఉంది. ఆ పెద్దాయనకు అప్పుడే తెలుసన్నమాట. తెలిసీ, ఎదురుగా అబద్ధమని ఒక్క మాట అనకుండా, ఆ రెండు ముక్కలు రాసి వెళ్ళారు. ఇప్పుడాయన లేరట. ఆయనకు చెప్పే దారి కూడా మూసుకుపోయింది.

నిన్న బస్సు దిగి మస్తాన్ ఇంటిముందు నుంచి నడిచాను. ట్రాక్టర్ అమ్మేశాడు. తలుపు గాలికి కొట్టుకోకుండా కింద ఒక చెక్క అడ్డం పెట్టి ఉంది. నేనిచ్చిన టేకు ముక్క. లోపల దగ్గు వినిపించింది. నిలబడ్డాను. పిలవలేదు. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ముందు కాగితం మీదైనా నిజం చెప్పడం వస్తుందో లేదో చూసుకుందామని. వస్తే దీన్ని పట్టుకుని ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళాలి. మన్నించమని మాత్రం అడగను. అడిగితే ఆ మనిషి వెంటనే మన్నించేస్తాడు, నాకు ఆ భయం ఉంది.

ఆ అట్టముక్క మీద ఉండాల్సింది ఇదీ: ఏనుగు పన్ను. నందిగామ దగ్గర, మునేరు గట్టు. తీసినవారు మస్తాన్.

ఇంతే. ఒక్క వరస. పన్నెండేళ్ళు పట్టింది.