మాస్టారి చివరి నాలుగు పేజీలు

మొన్న టీవీలో, ఏదో నక్షత్రం దగ్గర పుట్టి మన సూర్యుణ్ణి చుట్టపుచూపుగా పలకరించి తిరిగిరాని దారిన పోతున్న వస్తువొకటి చూపించి, అది తోకచుక్కేనని కొందరు, ఎవరో పంపిన ఓడేమోనని కొందరు వాదించుకుంటుంటే, నేను అన్నం కలపడం మానేసి అలాగే కూర్చుండిపోయాను. ఆ వాదనంతా యాభై ఏళ్ళ కిందట, తెనాలిలో ఒక ప్రెస్సులో, ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి నా చేతులతో కూర్చినవాణ్ణి నేను.

మన ఈడువాళ్ళకి ఆ ప్రెస్సుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సిరా, కిరసనాయిలు కలిసిన ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుని వదల్లేదు. బాపట్ల నుంచి ఒక బడిపంతులుగారు, ఆదివారాలు చర్చిలో పాటలు నేర్పే మనిషి, తను రాసిన నవల ప్రూఫులు దిద్దుకోవడానికి ప్యాసింజరులో వచ్చేవారు. అందులో సరిగ్గా ఇలాంటి వస్తువే ఒకటి వస్తుంది. సూర్యలంక సముద్రపు ఒడ్డున ఒకాయన అద్దం పట్టుకుని ఎండతో దానికి సైగలు చేస్తాడు. అది బదులు పలుకుతుందా లేదా అన్నదే కథ. ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు గాని, ఆయన మాత్రం నవ్వకుండానే, “ఏం తమ్ముడూ, పలుకుతుందంటావా?” అని నన్ను ఆటపట్టించేవారు. కంపోజిటరు అక్షరం చూస్తాడు గాని కథ చూడడు, అందుకని నేను తలాడించి ఊరుకునేవాణ్ణి.

కూర్పు పూర్తయ్యేసరికి, అనుకున్న కాగితం లెక్కకి నాలుగు పేజీలు ఎక్కువొచ్చాయి. పంతులుగారికి కార్డు రాసి, ఎక్కడ తగ్గించాలో అడగమన్నారు మా ఓనరు. పెళ్ళిళ్ళ రోజులు, శుభలేఖలకి అక్షరాలు చాలడం లేదు. బద్ధకమే అనండి, పొగరే అనండి, నేను కార్డు రాయలేదు. చివరి నాలుగు పేజీలూ విడదీసి అక్షరాలు తిరిగి పెట్టె గళ్ళలో పోసేసి, వాటికి ముందు పేజీ అడుగున ‘సమాప్తం’ పెట్టాను. ఆ పేజీలకి ఆయనిచ్చిన ఒక్కగానొక్క రాతప్రతితో సిరా చేతులు తుడుచుకున్నాను.

అచ్చయిన పుస్తకం అందుకుని ఆయన చివరి పేజీ చాలాసేపు చూశారు. ఇచ్చిన టీ తాగి స్టేషనుకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఏమీ రాయలేదని తరవాత విన్నాను.

టీవీలో ఆ వార్త వచ్చిన మర్నాడే ఆయన కూతురు, రేపల్లెలో టీచరుగా చేసి రిటైరైనావిడ, ఆ పుస్తకం పట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. “చివర్లో అది పలికిందాండీ, బాబాయిగారూ? బతికున్నన్నాళ్ళూ, ఆ మాటెత్తితే నాన్న లేచి వెళ్ళిపోయేవారండి. కూర్చింది మీరేనట కదా,” అంది. ఏ మొహం పెట్టుకుని చెప్పానో గాని, చేసిందంతా చెప్పాను. ఆమె కూడా తండ్రిలాగే టీ తాగి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ ఎంత తవ్వుకున్నా నాకు గుర్తొచ్చేది ఒక్కటే: ఆ నాలుగు పేజీలకి ప్రశ్న గుర్తులు చాలక పక్క ప్రెస్సులో అడిగి తెచ్చాను. ఇప్పుడు ఫోనులో చెరిపేసింది కూడా మళ్ళీ తెచ్చుకోవచ్చంటోంది మా మనవరాలు. మా అక్షరాలు ఎవరెవరి శుభలేఖలకో వెళ్ళి, అరిగి, చివరికి తూకానికి పోయి కరిగిపోయాయి. ఆ వస్తువు పలికిందో లేదో తెలిసుండాల్సినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే మిగిలాను, నాకు తెలియదు.