ఊరంతా ట్యాంకు దగ్గరే కాపురం

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే చాలు, మా ఆయన నవ్వుతాడు. "ఆ రోజుల్లో అనాలంటే తల నెరవాల, మోకాళ్లు నొయ్యాల. నీది నిన్న మొన్నటి కథ గదా" అంటాడు. నిజమే, గ్రామ సచివాలయాలు వచ్చి ఎన్నేళ్లని. కానీ ప్రభుత్వం వారి కంప్యూటర్ ముందు కూర్చుని గడిపిన ఏడాదిని మామూలు ఏడాదితో సమానంగా లెక్కకట్టకూడదని నా అభిప్రాయం. సర్వర్ తిరుగుతూ తిరుగుతూ ఉంటే ఎదుట జనం చూస్తూ చూస్తూ ఉంటే, ఒక పూటలో మనిషికి ఎంత వయసు మీద పడుతుందో ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లకే తెలుస్తుంది. ఆ లెక్కన నేను వృద్ధురాలిని, కాబట్టి ఆ రోజుల్లో అనే హక్కు నాకుంది.

ఆ రోజుల్లో నేను ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఒక చిన్న ఊరికి పోయి ఉద్యోగం చేసేదాన్ని. ఊరి సచివాలయంలో కంప్యూటర్ పని నాది. పేరు ఎవరూ పిలిచేవారు కారు, అందరికీ నేను 'కంప్యూటర్ పాప'ను. డిగ్రీ చదివినదాన్ని, పైగా ప్రొద్దుటూరులో జరిగిన డేటా శిక్షణకు పోయి సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని. ఆ సర్టిఫికెట్‌ను మా నాయన ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. దానికి రోజూ ఊదుబత్తి పొగ కూడా తగిలేది. అంతటి చదువరిని ఆ ఊరికి పంపినందుకు ప్రభుత్వం మీద నాకు కాస్త జాలిగా కూడా ఉండేది.

ఆ ఊరికి ఒక్కటే ట్యాంకు, దాని కింద వరుసగా కొళాయిలు. ఇళ్లకు పైపుల్లేవు. పొద్దున నీళ్లు వదిలే వేళకు ఊరంతా అక్కడే ఉండేది. నీళ్లు వదిలే ఆయన్ను అందరూ కొళాయి మామ అనేవారు. కలెక్టరు కన్నా ఆయన మాటకే ఊళ్లో విలువెక్కువ. ఆ వరుసకు ఒక పద్ధతి ఉంది. బిందె పెడితే మనిషి నిలబడినట్టే. తెల్లవారక ముందే బిందె తెచ్చి వరుసలో పెట్టి, ఇంటికి పోయి వాకిలి ఊడ్చుకుని, పొయ్యి మీద సంగటి కెలుక్కుని వచ్చేవారు. ఎవరి బిందెనూ ఎవరూ వెనక్కి జరపరు. అన్నదమ్ములు గట్టు జరుపుకుంటారేమో గానీ ఆ ఊళ్లో బిందె జరిపిన పాపాన ఎవరూ పోలేదు.

ఇంటింటికీ కొళాయి ఇస్తారని, అందుకు ఇళ్ల సర్వే చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సెల్‌ఫోన్‌లో ఒక యాప్. ఇంటి యజమాని పేరు, ఇంట్లో ఎంతమంది, కొళాయి ఉందా లేదా అని రాసి, చివర లొకేషన్ నొక్కాలి. ఆ ఇల్లు మ్యాపులో ఒక చుక్కగా పడుతుంది. చుక్కలను బట్టి ఇంజనీర్లు పైపులు వేస్తారు. 'ఇంటి గడప ముందర నిలబడే నొక్కాలి, సిగ్నల్ లేకపోయినా ఫోను దాచుకుని తర్వాత పంపుతుంది' అని శిక్షణలో చెప్పారట. చెప్పారట అని ఎందుకంటున్నానంటే, ఆ మాట చెప్పింది మధ్యాహ్నం భోజనాల తర్వాత. ప్రొద్దుటూరులో కారం దోసె తిని, పైన ఫ్యాను తిరుగుతుంటే, మేలుకుని ఉండగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

మొదటి రోజు ఎండలో నాలుగిళ్లు తిరిగాను. నాపరాళ్ల ఇళ్ల మధ్య సందుల్లో సిగ్నల్ లేదు, ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది. పని చేయడం లేదనుకుని ఆ నాలుగూ తీసేశాను. చెప్పులు కాలి, మొహం మాడి ట్యాంకు నీడకు చేరితే అక్కడ సిగ్నల్ నిండుగా ఉంది. సరే పరీక్షిద్దామని నా పేరు మీదే ఒకటి కొట్టాను. ఇంటి యజమాని నేను, ఇంట్లో ఉండేవారు ఒకరు, కొళాయి లేదు. లొకేషన్ నొక్కితే టక్కున పోయింది. కొళాయి మామ అదంతా చూస్తూ కూర్చున్నాడు.

"ఏం పాపా, ఎండన పడి యాడికి తిరగతాండావ్? పొద్దన్నే ఈడికి రా. ఊరంతా ఈడనే ఉంటాది. ఒగరు గూడా తప్పిపోరు" అన్నాడు.

ఇంత తెలివైన మాట శిక్షణలో ఒక్కరైనా చెప్పారా అనిపించింది. మర్నాటి నుంచి పొద్దున్నే ట్యాంకు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వరుసలో ఉన్నవాళ్లను పిలవడం, రాసుకోవడం, నొక్కడం. మనిషి లేకపోయినా బిందె ఉంటుందిగా, "ఇదెవరిది" అని పక్కవాళ్లను అడిగి వాళ్ల వివరాలూ రాసేశాను. ఇంటివాళ్లు చెప్పని సంగతులు కూడా పక్కవాళ్లు సంతోషంగా చెప్పారు. ఒక్క బిందె గురించి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. కొత్త స్టీలు బిందె, మెడ చుట్టూ 'పులివెందుల మేనమామ కానుక' అని చెక్కి ఉంది. ప్రభుత్వ పని ఆగకూడదని యజమాని పేరు దగ్గర అదే కొట్టేశాను. (తర్వాత దిద్దుకుందాం అనుకున్నాను. తర్వాత అనే రోజు ఆఫీసుల్లో ఎప్పుడూ రాదు.)

మండలంలో అందరికన్నా ముందు సర్వే ముగించింది నేనే. వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు కుప్పలుగా పడ్డాయి. ఇంటికి పోతూ బస్సులో వాటిని మళ్లీ మళ్లీ చూసుకున్నాను. జమ్మలమడుగులో సమీక్షకు రమ్మని కబురొస్తే శాలువా కప్పుతారేమోనని పట్టుచీర కట్టుకుని పోయాను. ఎండాకాలంలో పట్టుచీర. అది కూడా మా అమ్మది.

గోడ మీద ఒక్కో ఊరి మ్యాపు పడుతోంది. ఊరంటే పొలంలో చల్లిన శనగల్లా చుక్కలు. మా ఊరి వంతు వచ్చింది. మధ్యలో ఒకే ఒక చుక్క, లావుగా, నల్లగా. సమీక్ష చేస్తున్న పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమ్మా, మీ ఊర్లో ఇండ్లు ఒగదాని మింద ఒగటి కట్టుకున్యారా?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. పట్టుచీర ఒక్కసారిగా బరువెక్కింది. పక్కనున్న ఇంజనీరు సారు కాగితం చూసి, ఏమాత్రం నవ్వకుండా, "ఇండ్లన్నీ ట్యాంకు కాడనే ఉండాయి సార్. పైపు లేకున్యా జరుగుతాది. కిటికీలోంచి చెయ్యి పెట్టి ముంచుకోవచ్చు. ఈ ఊరికి అవసరం లేదని రాసినాం" అన్నాడు. హాలంతా నవ్వింది. అది చాలదన్నట్టు పెద్దసారు జాబితా కిందికి జరిపి, "ఈ పులివెందుల మేనమామ ఎవరమ్మా? ఎవురికి మేనమామ?" అని అడిగాడు. భూమి చీలితే బాగుండు అనుకున్నాను గానీ, కింద కడప బండలు పరిచారు, అవి అంత సులభంగా చీలవు.

నవ్వులాటకు నవ్వులాటే గానీ చివరికి పెద్దసారు అసలు మాట చెప్పాడు. "సోమవారం లిస్టు జిల్లాకు పోతాది. ఆలోపల సరిచేస్తే సరి. లేకుంటే మీ ఊరి పైపులు ఇంగో ఊరికి పోతాయి, నేనేం చేయలేను." ఊరి వాళ్లు నీళ్ల కోసం ట్యాంకు దగ్గరికి రాక తప్పదు కాబట్టి, నేను వాళ్లను ట్యాంకు దగ్గర పట్టుకున్నాను. వాళ్లు ట్యాంకు దగ్గరే ఉన్నారు కాబట్టి వాళ్లకు నీళ్లు అక్కర్లేదట. బస్సులో దీన్ని ఎన్నిసార్లు మడతపెట్టి చూసినా తప్పు నా దగ్గరికే వచ్చి ఆగింది. ఏడుపొచ్చింది. అమ్మ చీర కొంగుతోనే తుడుచుకున్నాను.

మర్నాడు సంగతంతా చెబితే కొళాయి మామ చుట్ట పీలుస్తూ విన్నాడు. ఇంటింటికీ నీళ్లు పోతే ఆయన దర్బారు పోతుంది, ఆ ఆలోచన నాకు అప్పుడే తట్టింది. చుట్ట ఆర్పి, తాళంచెవి నడుముకు దోపుకుని లేచాడు.

"ఈడ కూచోమని జెప్పింది నేనే గదా. పా, పోదాం. నువ్వు ఫోను పట్టుకో, నేను గొడుగు పట్టుకుంటా."

అలా బయలుదేరింది మా ఊరేగింపు. ముందు ఫోను పట్టుకుని నేను, వెనక నల్ల గొడుగు పట్టి మామ. "ఏం మామా, పెండ్లికూతుర్ని తోలకపోతాండావా?" అని అరుగుల మీద నుంచి పరాచికాలు. మామ గొడుగును ఇంకాస్త నిటారుగా పట్టాడు. ఈసారి ప్రతి గడప ముందరా నిలబడి నొక్కాను. చక్రం తిరిగితే తిరగనిచ్చాను, ఫోను దాచుకుంటుందని ఇప్పుడు తెలుసు. (శిక్షణ పుస్తకం మొత్తం చదివాను. కారం దోసె తినకుండా.) చిక్కల్లా మర్యాదల దగ్గర వచ్చింది. ట్యాంకు దగ్గరైతే ఎవరూ ఏమీ పెట్టలేదు, గడప దగ్గరికి పోతే ఊరుకుంటారా. ఒకచోట మజ్జిగ, ఒకచోట బొరుగుల ఉగ్గాని, ఇంకోచోట వేయించిన చెనిక్కాయలు. వద్దంటే, "మా ఇంట్లో తాగకపోతే మాకు కొళాయి రాదేమో పాపా" అని దిగులుపడేవారు. ఊరి కొళాయిల కోసం నేనే ఒక ట్యాంకునయ్యాను. పులివెందుల మేనమామ గుట్టూ అప్పుడే తేలింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఆ బిందె నాదే అంది. "మా మామకు పులివెందుల్లో కొళాయి ఉండాదిలే అక్కా, నాకు రాసుకో" అని నవ్వింది.

ఆదివారం సాయంత్రానికి ఒక్క ఇల్లే మిగిలింది. ఊరికి అవతల, వాగులాంటి వంక దాటి, కాలనీ చివర, ఊరంతా దాదీ అని పిలిచే ముసలామె ఇల్లు. కొడుకు కువైట్‌లో డ్రైవరు, ఆమె ఒక్కతే ఉంటుంది. రోజూ వరుసలో అందరికన్నా వెనక ఆమె బిందె ఉండేది, అదీ చిన్న బిందె. ఎంత చెప్పినా ముందు రాదేమిటని కొళాయి మామ విసుక్కునేవాడు. వంక దిగి ఎక్కి ఆ ఇంటికి చేరేసరికి ఉత్త చేతులతో ఉన్న నాకే ఆయాసం వచ్చింది. మామ గొడుగు ముడిచి గడప మీద కూలబడ్డాడు.

దాదీ మంచం వాల్చి, నా చేతిలో ఫోను చూసి అడిగింది. "ముందు నన్ను ట్యాంకు కాడ పెట్టినావంట గదా బేటీ?"

"తప్పయింది దాదీ. ఇప్పుడు దిద్దతాండా."

"దిద్దడమెందుకు, ఆడనే బాగుండ్య. కాగితంలోనన్నా నీళ్ల పక్కన ఉంటి" అంది.

నవ్వుతూనే అంది. "నువ్వు కదలొద్దు దాదీ, నీళ్లే నీకాడికొస్తాయి" అనేశాను. అని, వెంటనే భయపడ్డాను. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, మాటివ్వడానికి నేనెవరిని. లొకేషన్ రెండుసార్లు చూసుకుని నొక్కాను.

ముగ్గురం... కాదు, దాదీని రావద్దన్నాం, ఇద్దరమే ట్యాంకు దగ్గరికి వచ్చాం. సిగ్నల్ తగలగానే ఫోను దాచుకున్నదంతా పంపడం మొదలుపెట్టింది. ఆ లావు చుక్క నెమ్మదిగా విడిపోయింది. సందులు, వీధులు, చావిడి, బడి వెనక ఇళ్లు. మా ఊరు మొదటిసారి ఊరిలాగా కనపడింది. అన్నిటికీ చివర, మ్యాపు అంచున, దాదీ చుక్క ఒంటరిగా పడింది. మామ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అంత దూరం నుంచి వస్తాండెనా ఆయమ్మ" అన్నాడు మెల్లగా. మర్నాటి పొద్దున చూస్తే, వరుసలో మొదట దాదీ బిందె ఉంది. జరిపింది ఎవరో ఎవరూ అడగలేదు.

ఊరి పేరు జాబితాలో నిలిచింది. పైపులు రావడానికి చాలా కాలమే పట్టింది గానీ, వచ్చాయి. కాలనీలో నీళ్లు వదిలిన రోజు దాదీ కొళాయి కింద చెయ్యి పెట్టి, తీయకుండా అట్లాగే నిలబడింది. కొళాయి మామ ఇప్పటికీ వాల్వు తిప్పుతున్నాడట, చూసే జనం లేరని మాత్రం బాధట. నేను ప్రొద్దుటూరుకు బదిలీ అయి, కొత్తగా చేరినవాళ్లకు డేటా శిక్షణ ఇస్తున్నాను. గడప దగ్గర నిలబడి నొక్కమనే మాట మాత్రం పొద్దున్నే, భోజనాలకు ముందే చెప్తాను.

ఒక్క సంగతి మిగిలింది. ఆ హడావిడిలో అందరి చుక్కలూ దిద్దాను గానీ, పరీక్షకని మొదటి రోజు నా పేరున కొట్టిన చుక్కను మరిచిపోయాను. తీసేయాలంటే పై ఆఫీసు లాగిన్ కావాలన్నారు. అందుకే ఆ ఊరి మ్యాపులో ట్యాంకు కింద ఇప్పటికీ ఒక ఇల్లుంది. యజమాని నేను, ఉండేవారు ఒకరు, కొళాయి లేదు. ఏటా ఒకసారి ఈ ఇంటికి ఇంకా కొళాయి ఎందుకు ఇవ్వలేదని పైనుంచి ప్రశ్న వస్తుంది, ఎవరో ఏదో జవాబు రాస్తారు. పోయిన నెల ఆ లాగిన్ నాకే ఇచ్చారు. తెరిచి, చుక్క మీద వేలు పెట్టాను. పట్టుచీర కట్టుకుని శాలువా కోసం పోయిన ఆ పిల్ల గొడుగు నీడన నిలబడి నావైపే చూస్తున్నట్టు అనిపించింది. ఉండనీలే, నీళ్ల పక్కనే ఉంది కదా అనుకుని మూసేశాను.