మూడో సిలిండర్

డోన్‌లో ఆ రోజు మెకానిక్ మస్తాన్ మీద అందరి ముందూ అరిచాను. అది నా తప్పే. ఆగినచోటల్లా గడగడా వణుకుతున్న నా పాత కారు ఇంజన్‌లో ఆయన చెంచాడు ఆయిల్ పోస్తుంటే, పాడుచేస్తున్నాడనుకున్నాను.

"ఊరికే అరవాకప్పా. మూడో సిలిండర్లో కంప్రెషన్, అదే లోపలి గాలి ఒత్తిడి, శానా తక్కువుండాది. ఆయిల్ పోసినాక గేజి ముల్లు లేస్తే రింగులు పోయినట్టు, లేయకుంటే వాల్వు," అన్నాడాయన.

ముల్లు లేవలేదు. అయినా ఆయన ఇంజన్ విప్పలేదు.

"రోజూ నడిపిందెవరు? వాళ్ళనడక్కుండా నేను ఏ బండీ విప్పను."

నడిపింది నా భార్య. నాతో గొడవపడి కడపలో పుట్టింటికి వెళ్ళి మూడు నెలలైంది. మస్తాన్ పట్టుబట్టి ఫోన్ చేయించాడు. అన్నాళ్ళూ నేను వినాలని తపించిన గొంతు స్పీకర్లో ఆయనతో మాట్లాడింది.

"నేనుండేటప్పుడే వణుకుతాండెన్నా. చెప్తే, నీకు క్లచ్ తొక్కడం రాదు పో అనె ఆయన."

మస్తాన్ నావైపు తిరిగాడు. "బండీ చెప్పిండాది, ఆయమ్మా చెప్పిండాది. నీకే చెవుల్లేవు గదప్పా!"

నన్ను క్షమించమని అందరి ముందే ఆయన్ను అడిగాను. కారు ఆయనకు అప్పగించి కడప బస్సెక్కాను. ఆమె తలుపు తీయగానే, "వాల్వేనట. తప్పు నీది కాదు, నాది," అన్నాను.