కాలు జారిందని రాసుకున్న రెఫరీ

మా బడి డ్రిల్లు అయ్యవారు పోయినారని సోమవారం తిరుపతి నుంచి కార్డు వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. కార్డు తిప్పి తపాలా ముద్ర చూసినాను, రాత ఎవరిదా అని చూసినాను. ఈ గుణం నాకు ఆయన దగ్గర అబ్బిందే.

ఆయనకు అన్నిటి మీదా అనుమానమే. ఆటకు ముందు బంతిని చెవి దగ్గర పెట్టుకొని గాలి పోతోందేమో వినేవారు. మా బూట్ల అడుగులు వేలితో తడిమి మేకులు వెతికేవారు. తిరుచానూరులో పూలు కొన్నా మూర తానే కొలుచుకుంటారని ఆయన భార్య, ఆయమ్మ నవ్వేది. "అనుమానపడేది నా పని. అనుమానం మీద ఈల ఊదేది నా పని కాదప్పా" అనేవారు. ఆ మాట నాకు శానా ఏండ్లకు గానీ ఎక్కలేదు.

యుద్ధం రోజులు. చదువైపోయి పాకాల ఫుట్‌బాల్ జట్టులో బ్యాక్‌గా ఆడుతున్నాను. చిత్తూరులో పోటీలు పెట్టినారు. రెఫరీ మా అయ్యవారే. ఆ రోజు మా గుంపులో ఆఖరి ఆట, సమానంగా ముగిసినా గుంపులో మాదే మొదటి స్థానం. కానీ మొదటి స్థానం వస్తే సెమీఫైనల్లో వేలూరు జట్టు తగులుతుంది. వాళ్ళంటే మాకు వణుకు. ఓడితే రెండో స్థానం, మెతక జట్టు. చెరొక గోలు అయింది. ఆఖరి నిమిషాల్లో మా కెప్టెన్ నా పక్కకొచ్చి, "మన గోల్లోకే కొట్టేయ్‌రా" అని గొణిగినాడు. మా గోల్‌కీపర్ అప్పటికే పక్కకు జరిగి నిలబడినాడు. నేను వెనక్కు తిరిగి కొట్టేసినాను.

జనం దొంగాట అని అరిచినారు. అయ్యవారు ఈల ఊది గోలు ఇచ్చినారు. తర్వాత నా దగ్గరికి వచ్చి నేల వైపు చూసినారు, నా బూటు వైపు చూసినారు.

"కాలు జారిందా, కావాలని కొట్టినావా?"

"జారింది అయ్యవారూ."

"నన్ను చూసి చెప్పు."

"జారింది."

ఆట అయినాక పోటీ పెద్దలు ఆయన్ను చుట్టుకున్నారు. "కావాలనే కొట్టినాడు, కనపడలా? ఆ గోలు రద్దు చేసి జట్టును బయటికి పంపు."

"బంతి గీత దాటింది, చూసినాను. అది గోలే. కెప్టెన్ వాని చెవిలో ఏదో చెప్పినాడు, అది రాస్తాను. కాలు జారిందని వీడు చెప్పినాడు, అదీ రాస్తాను. నేను అనుకునేది మాత్రం రాయను" అన్నారు.

ఆ కాగితంతో మా జట్టు బతికిపోయింది. శిష్యుణ్ణి కాపాడినాడని ఆయన్నే అనుమానించి, ఫైనల్ ఆటకు వేరే రెఫరీని పెట్టినారు. ఫైనల్ కోసం ఆయన కొత్త ఖాకీ నిక్కరు కుట్టించుకున్నారంట. మేము ఆ మెతక జట్టు చేతిలోనే ఓడిపోయినాము.

ఆ తర్వాత తిరుపతిలో ఆయన ఎదురైతే సందు మార్చేవాణ్ణి. నా సంగతి ఎవరెవరికి చెప్పినారో అని నాకు అనుమానం. పోయినేడు ఉండబట్టలేక ఇంటికి పోయి నిజం చెప్పేసినాను.

"తెలుసప్పా. ఎండకు బిగుసుకున్న నేలలో యాడ జారతావు?"

"మరి ఎందుకు రాయలేదు?"

"నాకు తోచింది రాస్తా పోతే, రేపు నిజంగా జారినోణ్ణి ఎవరు నమ్ముతారు?" మజ్జిగ తెమ్మని ఆయమ్మకు సైగ చేసి, "నువ్వొస్తావని చూస్తా ఉన్నా. శానా ఆలస్యం చేసినావు" అన్నారు.

ఆయమ్మ ఇచ్చిన మజ్జిగ సగం తాగి లోటా కింద పెట్టినాను. లేస్తే ఆయనా వెంట లేచినారు. వీధి చివర జట్కా ఎక్కబోతుంటే, బండివాణ్ణి ఆగమని, మోకాళ్ళు పట్టుకొని వంగి, గుర్రం కాలెత్తి లాడం చూసినారు. "ఊ, పో" అన్నారు. బండి కదిలినాక వెనక్కు తిరిగితే, ఆ దుమ్ములో నడివీధిలో నిలబడి, చక్రం ఎట్లా తిరుగుతోందో తల వంచి చూస్తా ఉన్నారు.