ఆధారం గారి ఎర్రకలం

మా ఆఫీసులో ఆధారం గారిని మెచ్చుకోవడం ఎవరివల్లా కాలేదు. "ఈ చొక్కా మీకు బాగుందండీ" అంటే, "దేనితో పోలిస్తే?" అని అడుగుతారు. ఆధారం చూపనిదే ఏ మాటనూ చెవిలోకి రానివ్వని మనిషి. అసలు పేరు జీతాల గుమాస్తాకు తెలిసి ఉండాలి, మిగతా అందరం మరిచిపోయాం.

మాది ఆరోగ్యానికి మంచివని పొడులూ నూనెలూ డబ్బాల్లో పెట్టి అమ్మే కంపెనీ. డబ్బా మీద గొప్పలు రాయడం నా పని. వాటిలో నిబంధనలకు నిలవనివి కొట్టేయడం ఆయన పని. జేబులో ఎప్పుడూ ఒక ఎర్రకలం, చిన్న స్కేలు ఉండేవి. హెచ్చరిక అక్షరాలు ఎన్ని మిల్లీమీటర్లున్నాయో భూతద్దం పెట్టి మరీ కొలిచేవారు. నేను "నయం చేస్తుంది" అని రాసిన రోజున ఆయనకు అన్నం సహించేది కాదు.

ఈ జబ్బు ఆఫీసుతో ఆగలేదు. టీ తెచ్చే ముసలాయన ఓసారి "అల్లం టీ సార్" అన్నాడు.

"అల్లం ఎంత వేశావు?"

"గోరంత ముక్క సార్. పాతికమందికి."

"అయితే అల్లం వాసన గల టీ అను."

మర్నాటి నుంచి ముసలాయన అలాగే కేకేసేవాడు. పాల వాసన కూడా లేదేమిటని మేనేజరు సణిగేవారు.

వీధి చివర మంగలి షాపు మీద "ఒక్క కటింగ్‌తో పదేళ్లు చిన్నవారవుతారు" అని బోర్డు ఉండేది. ఆధారం గారు మూడు నెలలు అక్కడే జుట్టు కత్తిరించుకుంటూ, మాటల్లో పెట్టి దాన్ని మార్పించారు. ఇప్పుడు "ఇక్కడ కత్తిరించిన జుట్టు పొట్టిగా ఉండును" అని ఉంది. గిరాకీ ఏమీ తగ్గలేదట.

ఇంట్లో ఆవిడ ఒకరోజు ముచ్చటపడి, "నేను పెళ్లినాటిలాగే ఉన్నానా?" అని అడిగింది. "అప్పటి కొలతలు రాసిపెట్టుకోలేదే" అన్నారట ఈయన. రెండు రోజుల తర్వాత నా దగ్గరికొచ్చి, "మా ఆవిడ మాట్లాడటం తగ్గించింది. కారణం నేనే అనడానికి తగిన ఆధారం లేదు" అన్నారు దిగులుగా.

ఇలాంటి మనిషితో నాకు అసలు యుద్ధం మెంతిపొడి దగ్గర వచ్చింది. దాని డబ్బా మీదికి "షుగర్‌కు ఇక సెలవు" అని రాశాను. మేనేజరు మురిసిపోయి, "ఈ ముక్క డబ్బా మీద పడిందా, రాతల విభాగానికి నువ్వే పెద్దవి" అన్నారు. ఆ సంబరంలో, ఆ ముక్క అంటించిన మొదటి నమూనా డబ్బా మా అమ్మకే ఇచ్చి, నమూనాల పుస్తకంలో ఆవిడ ఫోన్ నంబరు రాశాను. అమ్మకు పదేళ్లుగా షుగరు.

రెండు వారాలకు నా కాగితం తిరిగొచ్చింది. నా ముక్క మీద అడ్డంగా ఎర్రగీత. దాని చోట, "ఇది మందు కాదు. మీ మాత్రలు మానకండి" అని ఉంది. అక్షరాలు పొడి పేరు కన్నా పెద్దవి.

నేను కాగితం పట్టుకుని ఆయన మీదికి వెళ్లాను. "ఒక్క మాట చదివి మాత్రలు మానేసేంత అమాయకులు ఎవరుంటారండీ?"

ఆయన కలానికి మూత పెట్టి, నా వైపు చూడకుండా, "ఉంటారు" అన్నారు.

మేనేజరు ఆయన్ని అందరి ముందూ చెడామడా తిట్టారు. ఆయన గీత చెరపలేదు. నా పెద్దరికం గాలికి పోయింది. నేను ఆయనతో మాటలు మానేశాను.

ఆ ఆదివారం అమ్మ టిఫిన్ పెడుతూ, "మీ ఆఫీసాయన భలే మనిషిరా, రోజూ ఫోన్ చేసి మాత్ర వేసుకున్నారా అని అడుగుతాడు. వేసుకున్నానంటే నమ్మడు. ఖాళీ అట్ట ఫోటో తీసి పంపమంటాడు" అంది.

నాకు అప్పుడు వెలిగింది. సంతకం పెట్టే ముందు, నమూనా తీసుకున్నవాళ్లకు ఫోన్ చేసి, "ఇది చదివి మీరేం చేశారు?" అని అడగడం ఆయన పద్ధతి.

"నువ్వేం చేశావమ్మా?"

"మాత్రలు మానేశాను. సెలవని నువ్వే రాశావు కదరా. పన్నెండు రోజులు. ఆయన ఫోన్‌లో ఆ మాట విని, ఆ సాయంత్రమే వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. షుగరు బాగా పెరిగిపోయిందట, ఇప్పుడు దిగిందిలే. నీకు చెప్పొద్దన్నాడు, బాధపడతావని."

నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన బల్ల దగ్గర నిలబడ్డాను.

"మేనేజరుకి మా అమ్మ సంగతి చెప్పి ఉంటే ఆ తిట్లు తప్పేవి కదండీ?"

"చెబితే నేను నెగ్గేవాణ్ని. నువ్వు సిగ్గుపడి ఈ పనే మానేసేవాడివి. నువ్వు బాగా రాస్తావయ్యా."

దేనితో పోలిస్తే అని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కొత్త డబ్బాలు అచ్చయి రాగానే ఒకటి ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది.

"ఇందులో నువ్వు రాసింది ఏదిరా?"

ఎర్రకలం వదిలిపెట్టింది ఒక్క వాక్యమే. వేలు పెట్టి చూపించాను. అడుగున, చిరునామాకు పైన: "వాడిన తర్వాత మూత గట్టిగా బిగించండి."

"ఎంత చక్కగా రాశావురా" అంది అమ్మ. డబ్బా ఇంకా తెరవనే లేదు. అయినా మూత మీద చెయ్యి వేసి, ఉన్న బలమంతా పెట్టి ఇంకో చుట్టు బిగించింది.