బంగారు రెప్పలు

రాత్రి నుంచీ నీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునే చోటికి పక్కనే నేతి దోసెల హోటలు పెట్టడం ఏ మహానుభావుడి ఆలోచనో గాని, హిందూపురంలో మేము వెళ్ళిన ల్యాబుకు ఆ భాగ్యం ఉంది. పొద్దున ఏడింటికే పెనం మీద నెయ్యి కరిగే వాసన కిటికీలోంచి వచ్చి, దూదికి అద్దిన స్పిరిట్ వాసనను పక్కకు నెట్టేసింది. బెంచీ మీద నాకు ఒక పక్క పదమూడేళ్ళ నా కూతురు చైత్ర, ఇంకో పక్క మా అమ్మ. చైత్ర ఆకలిగా ముక్కు ఎగబీల్చింది. అమ్మ కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లోకి నెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ధర్మవరంలో మా నాయన ఇంటి సంగతి చెప్పాలి.

ఆ ఇంట్లో ముందు గది మొత్తం మగ్గానిదే. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు దించుకుని నాయన నేస్తుంటే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడుకు మేము నిద్ర లేచేవాళ్ళం, ఆ చప్పుడు ఆగితే అన్నం వేళయిందని తెలుసుకునేవాళ్ళం. తడిసిన పట్టు వాసన, చింతగింజల నిప్పు మీద కాల్చిన వేరుశనక్కాయల వాసన, ఎండాకాలం మధ్యాహ్నాల్లో నీళ్ళు చల్లిన బండల వాసన, ఇవన్నీ కలిసి ఉండేవి. నేనూ అన్నా దారం చుట్టే ఖాళీ కండెలను వరసగా నిలబెట్టి, గోలీతో పడగొట్టే ఆట ఆడేవాళ్ళం. ఒక్క కండె మగ్గం గుంతలోకి దొర్లినా నాయన దాన్ని కాలివేళ్ళతో పట్టి, నేత ఆపకుండానే పైకి విసిరేవాడు.

ఆ ఇంటి గొప్పంతా పట్టులో లేదు, కళ్ళలో ఉంది. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, రెండు కళ్ళ పైరెప్పల మీద ముక్కు వైపు పసుపుపచ్చటి మెత్తటి మచ్చలు ఉండేవి. నాయనకు అవే ఉండేవి. నాయనకంటే పెద్దదైన మా పెద్దత్తకు ఇంకా పెద్దవి ఉండేవి. వాటిని మా ఇంట్లో బంగారు రెప్పలు అనేవాళ్ళు. మగ్గం మీద నుంచి చీర కోసిన రోజు అది మొదట బంగారు రెప్పలవాళ్ళ కంట పడాలి, ఆ తరువాతే మడత. అవ్వ స్నానం ముగించి వచ్చేదాకా షావుకారు మనిషైనా సరే అరుగు మీద కాచుకుని కూర్చోవలసిందే. చూపు పడిన చీర మళ్ళీ వెనక్కి రాదని నమ్మకం. వెనక్కి వచ్చిన చీరల సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదనుకోండి.

నాకు ఆ మచ్చలు లేవని నేను ఏడవని వారం లేదు. ఒకసారి పసుపులో నీళ్ళు కలిపి రెప్పలకు పూసుకుని వెళ్ళి చీర ముందు కూర్చుంటే, కళ్ళు మండి నేను గంతులు వేయడం, అవ్వ నవ్వలేక పొట్ట పట్టుకోవడం, పెద్దత్త తన చీర కొంగు తడిపి తుడవడం ఇప్పటికీ గుర్తు. ఆ రోజుల్లో పెద్దత్తకు నేనంటే ప్రాణం. "నీకూ వస్తాయిలే పాపా, మన రక్తం యాడికి పోతాది" అంది. అన్నకు అప్పటికే మడమ వెనక నరం తాడులా లావుగా ఉండేది. నాయన వేళ్ళ కణుపుల మీద గట్టి గడ్డలు ఉండేవి. అవి మగ్గం పెట్టిన కాయలనే అందరమూ అనుకున్నాం.

నాకు పదేళ్ళప్పుడు వచ్చిన ఉగాది అది. వేపపూత రాలి వాకిలంతా తెల్లగా ఉంది. అమ్మ తెల్లవారుజామునే లేచి శనగబేళ్ళు ఉడకేసి, బెల్లం కలిపి రుబ్బి, అరిటాకు మీద ఓళిగలు తట్టి కాల్చింది. బేళ్ళ కట్టుతో కాచిన చారు ఇల్లంతా ఘుమఘుమలాడింది. నాయన ఓళిగల మీద నెయ్యి పోయించుకుని తిన్నాడు. అరుగు మీద పడుకుంటానని వెళ్ళాడు. కాసేపటికి ఎడమచెయ్యి లాగుతోందని అన్నాడు, చెమటలు పట్టాయి, అజీర్ణమని అవ్వ వాము నూరి నీళ్ళలో కలిపి తెచ్చేలోపల తల వాల్చేశాడు. ఆయనకు నలభై ఒకటి. కట్టె లాంటి సన్నటి మనిషి. అట్లాంటివాడికి గుండె జబ్బు ఎక్కడిదని ఊరంతా ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యానికి ఒక కారణం కావాలి కదా.

ఆ కారణాన్ని పెద్దత్త వెతికి ఇచ్చింది. శవం ఇంకా వాకిట్లో ఉండగానే, అందరూ వింటుండగా మా అమ్మ ముఖాన అన్నది: "నెయ్యి పోసి పోసి నా తమ్మున్ని పొట్టన పెట్టుకుంటివి కదే." అమ్మ పదకొండో రోజు దాటాక మమ్మల్నిద్దరినీ తీసుకుని ప్యాసింజరు బండెక్కి పెనుకొండలో పుట్టింటికి చేరింది. ఇక అక్కడి నుంచి మా బాల్యంలో నూనె చుక్క కూడా లెక్కే. పండగపూట పక్కింటి పిల్లలు వేళ్ళకు అంటిన నెయ్యి నాకుతుంటే మేము ఉత్త ఓళిగలు చారులో ముంచుకుని తిన్నాం. అడిగితే అమ్మ కొట్టేది కాదు, తిట్టేది కాదు, లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. అందుకని అడగడం మానేశాం. పెద్దత్త మీద నా కోపం మాత్రం నాతో పాటే ఎదిగింది. నా పెళ్ళికి ఆమె వస్తే నేను పలకరించలేదు. ఇప్పుడైనా దానికి పశ్చాత్తాపపడుతున్నానని చెప్పను.

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా అన్నకు పోయిన నెల ఛాతీలో నొప్పి వచ్చింది. బెంగళూరు తీసుకుపోయి స్టెంటు వేయించాం. నాయన పోయినప్పటి నుంచీ నెయ్యి ముట్టకుండా పెరిగినవాడికి రక్తనాళాలు పూడుకుపోయాయని వింటే అమ్మ నమ్మలేదు. అక్కడి డాక్టరు అన్న రెప్పలు చూశాడు, మడమ వెనక నొక్కి చూశాడు, మీ నాయన ఎన్నేళ్ళకు పోయాడని అడిగాడు. ఇది వంశంలో వచ్చే కొలెస్ట్రాల్ లాగుంది, తోడబుట్టినవాళ్ళకూ వాళ్ళ పిల్లలకూ వెంటనే రక్తపరీక్ష చేయించండి, ఇది తల్లిలోనో తండ్రిలోనో ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసే అన్నాడు. అందుకే ఆ బెంచీ, ఆ నెయ్యి వాసన, నా పక్కన చైత్ర.

ల్యాబు అమ్మాయి చైత్ర మోచేతి మడతలో సూది గుచ్చినప్పుడు నేను గోడ మీద క్యాలెండరు చూశాను. నా రక్తం ఎంత ఎరుపో ఆమెదీ అంతే ఎరుపు. సీసాలో చూస్తే ఏమీ తెలియదు. రిపోర్టు సాయంత్రం నాలుగుకు అన్నారు. ఆ రోజు నేను చైత్ర కళ్ళలోకి ఎన్నిసార్లు చూశానో, చివరికి అది విసుక్కుని, "ఏమ్మా, ఊరికే నా మొగం చూస్తాండావు" అంది. రెప్పలు నున్నగా ఉన్నాయి. మడమలూ సన్నగానే ఉన్నాయి. ఒకప్పుడు ఆ మచ్చల కోసం ఏడ్చినదాన్ని, ఆ రోజు అవి లేవని దేవుడికి దండం పెట్టుకున్నాను.

రిపోర్టు తీసుకుని అదే వీధిలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, అన్న సంగతీ నాయన సంగతీ చెప్పాం. ఆమె తొందరపడలేదు. మొత్తం అంకె ఒక్కటే చూసి లాభం లేదు, విడగొట్టి చూడాలి అంటూ పెన్ను పట్టుకుని ఒక్కొక్క వరుస చూపించింది. హెచ్.డి.ఎల్. అనేది రక్తంలోని కొవ్వును ఎత్తుకుపోయేది, అది మరీ తగ్గకూడదు. ట్రైగ్లిజరైడ్లు నిన్న తిన్నదాన్ని బట్టి ఊగుతుంటాయి, కడుపు మాడ్చుకుని రమ్మన్నది ముఖ్యంగా వాటి కోసమే. నాళాల గోడలకు కొవ్వును పేర్చేది ఎల్.డి.ఎల్. నాది రెండు వందల ముప్పై ఒకటి. చైత్రది రెండు వందల నాలుగు. పక్కన అచ్చువేసిన హద్దుకు రెండూ చాలా ఎత్తులో ఉన్నాయి.

మచ్చలు లేవు కదమ్మా అన్నాను. మచ్చ లేనంత మాత్రాన కొలెస్ట్రాల్ లేనట్టు కాదు, మచ్చ ఉన్న ప్రతివాళ్ళకూ ఉన్నట్టూ కాదు, రక్తమే చెప్పాలి అంది. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, ఇది పదమూడేళ్ళకే బయటపడటం మంచిదైంది, ఇంకోసారి పరీక్ష చేసి ఖాయం చేసుకుని పెద్ద డాక్టరు సలహాతో మాత్ర మొదలుపెడదాం, మానకుండా వాడితే గండం చాలా తగ్గుతుంది, మీ నాయనకు దొరకని అదను ఈ పిల్లకు దొరికింది అని చెప్పింది. చైత్ర నా వైపు కాకుండా ఆమె వైపు చూస్తూ, మాత్ర చేదుగా ఉంటుందా అని అడిగింది.

అప్పటిదాకా మూలన కూర్చున్న అమ్మ లేచి వచ్చి అడిగింది. "నెయ్యి తింటే వచ్చింది కాదా తల్లీ ఇది?"

"ఒక పూట నేతితో ఈ అంకె ఇంత ఎత్తుకు పోదు పెద్దమ్మా. ఇది పుట్టుకతో వచ్చింది. మీ ఆయన రక్తంలోనే ఉండాది" అంది డాక్టరమ్మ.

ఇంటికి వచ్చేసరికి నా ఒళ్ళు కోపంతో మండిపోతోంది. ఎవరి రక్తం, ఎవరి రెప్పలు, ఎవరి మీద నింద. పెద్దత్తకు ఫోన్ కలిపి ఏమేమి అనాలో ఆటోలోనే మాటలు పేర్చుకున్నాను. ఒక్కొక్కటీ సూదిలా ఉండాలనుకున్నాను. ఫోన్ మోగుతుండగా అమ్మ నా చేతిలోంచి లాక్కుని స్పీకర్ వేసింది. తనను తాను వెనకేసుకు వస్తుందేమోనని చూశాను. ఆ ఊసే ఎత్తలేదు. పెద్దత్త మనవడికి, ఆ చిన్న పిల్లోనికి కూడా పరీక్ష చేయించాలని, ఇది ఇంటి రక్తంలో వచ్చేదని, నీకూ నీ కొడుక్కూ మనవడికీ ముగ్గురికీ చేయించు వదినా అని చెప్పింది.

పెద్దత్త, "మరి తమ్మునికీ ఇదేనా?" అని అడిగింది.

"ఇదే వదినా."

"నేనేం మాటంటి నిన్ను" అన్నది పెద్దత్త.

"ఆ మాట తరువాత చూద్దాం. పిల్లోన్ని పిల్చకరా. పొద్దున ఏమీ పెట్టద్దు వానికి" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. నేను పేర్చుకున్న మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

ధర్మవరంలో ఆ ఇంటి ముందు గది ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. మగ్గం గుంతను పూడ్చి టైల్స్ వేశారు. అవ్వ పోయింది, చీర కోసిన రోజు కళ్ళ కోసం కాచుకునే అలవాటూ పోయింది. బంగారు రెప్పలు ఒక్క పెద్దత్త ముఖాన మిగిలాయి, వాటినీ ఇక ఆ పేరుతో పిలవలేం. నాయన రక్తాన్ని ఎవరూ ఒక్కసారి కూడా తీసి చూడలేదు. ఆయన అంకె ఎంతో మాకు తెలియదు. చైత్ర రిపోర్టును ఫైలులో పెడుతూ ఈ మాటే అన్నాను. అమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. వీధిలోకి చూస్తూ, నా వైపు తిరగకుండానే అన్నది.

"ఆ పొద్దు మీ నాయన ఇంకొక ఓళిగ అడిగినాడు. అరగదని నేను పెట్టలేదు. పెట్టింటే బాగుండు."