రెండు చెవుల్లో ఒకే గొంతు

నా చిన్నప్పుడు, ఎనభై ఏడు వేసవిలో, మా ఇంట్లో పగటిపూట ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. మా చెల్లెలు అది ఎనభై ఎనిమిది అంటుంది. కాదు. నాన్న పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకి మారిన మొదటి వేసవి అది. నేను అప్పుడే ఆరో తరగతి పూర్తి చేశాను.

మాకు ఉన్నది ఒకటే గది. నాన్నకు పగలు నిద్ర కావాలి, చెవుడున్న మా తాతయ్యకు రేడియో కావాలి. హెడ్‌ఫోను పనిచేసినంతకాలం ఇబ్బంది లేకపోయింది. అందులో స్పీకర్లు ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాక తాతయ్య రేడియోను బయటికే మోగించసాగాడు. నిద్ర చాలక నాన్న ప్రెస్సు మిషను ముందు తూగాడు. ఆసారి ప్రమాదం ఒక వేలి గోరుతో పోయింది. ఆ రోజు నుంచి నాన్న ఇంటికి వచ్చేదాకా అమ్మ వాకిట్లోనే నిలబడేది.

పక్కింటి అక్క రేడియోలు బిగించే ఫ్యాక్టరీలో పనిచేసేది. బజారు నుంచి రెండు చిన్న స్పీకర్లు తెచ్చింది. ఆమె గదికి కరెంటు లేదు. అందుకని నిద్రపోతున్న నాన్న మంచం పక్కనే పని మొదలుపెట్టింది. పాతవి పీకి, కొత్తవాటిని టార్చి సెల్లుకు తాకించింది. రెండూ టక్కుమన్నాయి. కరెంటు కడ్డీ కాల్చి తీగలు అతికించి, హెడ్‌ఫోను తాతయ్యకు పెట్టింది. రేడియోలో హెడ్‌ఫోను పిన్ను వదులుగా ఉండేది. అది ఊడితే రేడియో బయటికి మోగుతుంది. దాన్ని నొక్కి పట్టుకోవడం నా పని.

"ఇడిసినవనుకో, ముందు మీ బాపు లేస్తడు, తర్వాత నీ ఈపు మోగుతది," అంది అక్క గుసగుసగా.

పాట వచ్చింది. కానీ తాతయ్య సంతోషపడలేదు. ఆయన చేయి సౌండు పెంచుతూ పోయింది. మాట్లాడబోయాడు. చెవుడున్నవాళ్ల గొంతు ఎంత పెద్దదో మాకు తెలుసు. అక్క పెదవుల మీద వేలు పెట్టింది. ఆయన రెండు చేతులూ చెవుల దగ్గరి నుంచి పక్కలకు లాగి చూపించాడు, గొంతు చెరోవైపు పోతోందని.

మంచం కిర్రుమంది. నాన్న అటు తిరిగి పడుకున్నాడు.

"వస్తుంది గద, ఇగ చాలు తియ్యే," అంది అమ్మ మంచం వైపు చూస్తూ.

"వస్తె సాలదు చిన్నమ్మా, ఆయనకు అందాలె," అని అక్క రేడియో ఆపి, హెడ్‌ఫోను మళ్లీ విప్పింది. సెల్లు తాకిస్తూ నన్ను చూడమంది. ఒక స్పీకరు పొర ముందుకు ఉబికింది, రెండోది వెనక్కి పోయింది. "సూడు, చెరో దిక్కు గుంజే ఎడ్లతోని దున్నుతమా?" అంది. ఒకవైపు తీగలు రెండూ అటుదిటు మార్చి అతికించింది.

ఈసారి తాతయ్య చేయి సౌండు తగ్గించింది. ఇంకా తగ్గించింది. తర్వాత ఒళ్లో పడి ఊరుకుంది. చెమట పట్టిన వేళ్లతో నేను మాత్రం పిన్ను వదల్లేదు.

సాయంత్రం నాన్న తనంతట తానే లేచాడు. "ఏంది బాపూ, ఇయ్యాల రేడియో పెట్టలేదా?" అని అడిగాడు. తాతయ్యకు వినపడలేదు, పాట వింటున్నాడు. ఆ వేసవిలో అమ్మ పెద్దగా నవ్వడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఏ పని చేస్తున్నా, 'వస్తుంది గద, చాలు' అని లేచిపోవాలని నాకూ చాలాసార్లు అనిపిస్తుంది. అయినా కూర్చుంటాను. చేసిన పని ఎవరికోసమో, వాళ్ల చేయి ఎటు కదులుతుందో చూశాకే లేస్తాను.